పది రూపాయల సబ్బుతో ముఖం కడగొచ్చా?

బట్ట మీద పసుపు మరక పడిందనుకోండి. సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. నీళ్లలో జాడిస్తే మళ్లీ పసుప్పచ్చగా మారుతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పండించే ఇళ్లలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన తమాషా. పెళ్లింట్లో పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదీ ఇదే. పసుపులో ఉండే రంగు పదార్థం కుర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. సున్నం క్షారం. మనం రోజూ ఒంటికి రుద్దుకునే సబ్బు బిళ్ల కూడా క్షారమే.

ఈ ఒక్క సంగతి పట్టుకుని ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోల్లో "ముఖానికి సబ్బా, వద్దే వద్దు" అంటున్నారు. కిరాణా కొట్టుకు వచ్చిన ఇంటర్ పిల్ల "అన్నా, ఫేస్‌వాష్ పాకెట్ ఉన్నదా?" అని అడుగుతుంది. ఇంటి దగ్గర నానమ్మ మాత్రం "మేమంతా గీ సబ్బుతోనే పెద్దగైనం, మాకేమైంది?" అంటుంది. నానమ్మ మాటను కొట్టిపారేయడానికి లేదు. అయితే ఆమె ఆ సబ్బును ఏ నీళ్లతో కడుక్కుంది? చేదబావి నీళ్లా, చెరువు నీళ్లా, మూడు వందల అడుగుల లోతు బోరు నీళ్లా? ముఖం బాగోగులకు సబ్బు ధర కంటే ఈ ప్రశ్నే పెద్దది.

బిళ్లలో ఉన్నదేమిటి

సబ్బు తయారీ చాలా పాత విద్య. నూనెనో కొవ్వునో కాస్టిక్ సోడాతో కలిపితే నూనె విడిపోయి రెండు పదార్థాలు పుడతాయి: ఒకటి సబ్బు, రెండోది గ్లిజరిన్. పెద్ద ఫ్యాక్టరీల్లో గ్లిజరిన్‌ను చాలా వరకు వేరుచేసి విడిగా అమ్ముకుంటారు. మిగిలిన సబ్బుకు రంగు, వాసన కలిపి బిళ్లలుగా కొడతారు. 1895లో మన దేశానికొచ్చిన లైఫ్‌బాయ్, మైసూరు ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మైసూర్ శాండల్, 1920లో కలకత్తాలో పుట్టిన వేప సబ్బు మార్గో, 1969లో మద్రాసులో మొదలైన మెడిమిక్స్, మన ఊళ్లలో ఏ కొట్టులో చూసినా దొరికే సంతూర్... వాసన వేరు, రంగు వేరు, లోపలి రసాయనం మాత్రం దాదాపు ఒకటే. సంతూర్ తయారుచేసే విప్రో కంపెనీ ఫ్యాక్టరీ 2022లో మన మహేశ్వరంలోనే మొదలైంది.

సబ్బు అణువుకు రెండు కొసలుంటాయి. ఒక కొస నీటితో కలుస్తుంది, రెండోది నూనెతో. ముఖం మీద జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము ఉంటే నూనె కొసలన్నీ అందులోకి దూరతాయి. నీటి కొసలు బయటికి తిరిగి ఉంటాయి. అలా జిడ్డు చిన్న చిన్న ముద్దలుగా విడిపోయి నీళ్లతో పాటు జారిపోతుంది. ఈ పని చేయడంలో పది రూపాయల బిళ్లకూ వంద రూపాయల బిళ్లకూ తేడా లేదు. చిక్కల్లా ఒకటే. ఏది మురికి జిడ్డు, ఏది చర్మం తన కోసం తయారుచేసుకున్న కొవ్వు అన్నది సబ్బుకు తెలియదు.

సిరిసిల్ల గంజి చెప్పే పాఠం

చర్మం పైపొర ఎలా ఉంటుందో సిరిసిల్ల సైజింగ్ యూనిట్‌లో నిలబడి చూస్తే సులువుగా అర్థమవుతుంది. సాంచా (మరమగ్గం) మీదికి ఎక్కించే ముందు పడుగు పోగులకు గంజి పట్టిస్తారు. గంజి పట్టిన పోగు నున్నగా, గట్టిగా ఉండి మగ్గం తాకిడికి తట్టుకుంటుంది. గంజి చాలకపోతే పోగు మీద నూగు లేస్తుంది, తెగుతుంది. మన చర్మం పైపొరలో చదునుగా పేర్చినట్టుండే మృతకణాలు ఆ పోగులు. వాటి మధ్య పూతలా ఉండే కొవ్వులు గంజి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి దుమ్ము, క్రిములు లోపలికి రాకుండా కాపాడేది ఆ పూతే.

సబ్బు ఈ గంజిని కొంత కడిగేస్తుంది. కడిగాక ముఖం బిగుసుకుపోయినట్టు, నవ్వితే పట్టేసినట్టు ఉండేది అందుకే. చాలామంది దాన్నే శుభ్రత అనుకుంటారు. ముఖం కిర్రుమనాలట! బట్టకు సరే గాని, ముఖం కిర్రుమంటే అది మొర పెట్టుకుంటోందని అర్థం.

రెండో దెబ్బ క్షారానిది. చర్మం మీద పలుచటి ఆమ్లపు పొర ఉంటుందని 1928లో జర్మన్ వైద్యులు షాడే, మార్కియోనినీ చెప్పారు. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ కొలతలో మన ముఖం సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. నీరు 7. మామూలు సబ్బు 9 నుంచి 10. ఈ కొలతలో ఒక్కో మెట్టుకూ పది రెట్ల తేడా. అంటే అయిదున్నర నుంచి తొమ్మిదిన్నరకు పోవడం పదివేల రెట్ల మార్పు. మామూలు చర్మం కొన్ని గంటల్లోపే దీన్ని సర్దుకుంటుంది. సర్దుకునే లోపల మాత్రం రెండు పనులు గాడి తప్పుతాయి. కొత్త కొవ్వును తయారుచేసే ఎంజైములు నెమ్మదిస్తాయి. కణాలను ఊడగొట్టే ఎంజైములు జోరందుకుంటాయి. రోజుకు ఒకటి రెండు సార్లయితే ఆరోగ్యంగా ఉన్న చర్మం ఓర్చుకుంటుంది. అయిదారు సార్లయితే ఎంత మంచి చర్మమైనా తట్టుకోలేదు.

పరీక్షల్లో ఏం తేలింది

1979లో అమెరికాలో ఫ్రాష్, క్లిగ్‌మన్ అనే చర్మవైద్యులు బజారులో దొరికే 18 సబ్బులను తెచ్చి, వాటి ద్రావణాలను మనుషుల ముంజేతుల మీద రోజుల తరబడి కట్టి ఉంచి చూశారు. కొన్ని చర్మాన్ని మంటెక్కించాయి, కొన్ని కాస్త ఎర్రబరిచాయి. అన్నిటికంటే మెత్తగా తేలింది డవ్. దానికి కారణం ఉంది. డవ్ అసలు పాతకాలపు సబ్బే కాదు. 1957లో అమెరికాలో వచ్చిన ఆ బిళ్లలో వేరే రకం శుద్ధి పదార్థం వాడారు. దాని పీహెచ్ నీటికి దగ్గరగా 7 ఉంటుంది. ఇలాంటి బిళ్లలను వైద్యులు సిండెట్ అంటారు.

మొటిమల సంగతి చూద్దాం. 1995లో జర్మనీ వైద్యులు మొటిమలు మొదలవుతున్న 120 మంది యువతీయువకుల మీద మూడు నెలలు పరీక్ష చేశారు. కొందరికి మామూలు సబ్బు, కొందరికి ఆమ్ల గుణమున్న సిండెట్. సబ్బు వాడినవాళ్లలో ఎర్రగా వాచే మొటిమలు పెరిగాయి, సిండెట్ వాడినవాళ్లలో తగ్గాయి. చర్మం క్షారంగా మారినప్పుడు మొటిమలకు తోడ్పడే బ్యాక్టీరియా బాగా పెరుగుతుందని అదే బృందం అంతకుముందే గమనించింది. కాబట్టి మొటిమలతో బాధపడే పిల్లలకు మామూలు సబ్బు బిళ్ల మంచి ఎంపిక కాదని గట్టిగానే చెప్పొచ్చు.

అలాగని ట్యూబులో ఉన్నదల్లా మెత్తనిదనుకోవద్దు. బాగా నురగొచ్చే ఫేస్‌వాష్‌లలో చాలావాటి వెనక అట్ట మీద మిరిస్టిక్ యాసిడ్, స్టియరిక్ యాసిడ్, వాటి పక్కనే పొటాషియం హైడ్రాక్సైడ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే ట్యూబులో పోసిన సబ్బే! ఫేస్‌వాష్ పేరుతో సబ్బునే నాలుగింతల ధరకు కొంటున్నామన్నమాట. దీన్ని తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు.

*పెట్టె: పసుపు పరీక్ష*
చిటికెడు పసుపును నాలుగు చుక్కల నీళ్లలో కలిపి తెల్లకాగితం మీద పూసి ఆరనివ్వండి. ఒక పక్క ఉత్త నీటి చుక్క, మరో పక్క సబ్బు నురగ, ఇంకో పక్క మీ ఫేస్‌వాష్ నురగ పెట్టండి. నీటి చుక్క దగ్గర పసుపు రంగు మారకూడదు. సబ్బు దగ్గర ఎర్రటి గోధుమ రంగు వస్తుంది. ఫేస్‌వాష్ దగ్గర కూడా అదే రంగొస్తే అది క్షారమే. పసుప్పచ్చగానే ఉండిపోతే కనీసం క్షారం దెబ్బ లేదని అర్థం.

అసలు కథ బోరులో

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల నేల కింద చాలావరకు గట్టి రాతిపొర. వాననీరు ఆ రాతి పగుళ్లలోంచి ఏళ్ల తరబడి ఇంకుతూ పోయేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. బోరు ఎంత లోతుకు పోతే నీరు అంత పాతది, అందులో సాధారణంగా అంత ఎక్కువ లవణాలు. వీటినే మనం ఉప్పు నీళ్లంటాం. పప్పు ఉడకదు, గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది, బకెట్ అంచున గీత పడుతుంది. పుస్తకాల్లో దీని పేరు కఠిన జలం. తాగునీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేనిచోట 600 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి.

సబ్బు ఈ నీటిలో పడగానే ఏమవుతుంది? నురగ కావలసిన సబ్బు అణువులు ముందు కాల్షియంతో జత కడతాయి. ఆ జంట నీటిలో కరగదు. విరిగిన పాలలా తెల్లటి తునకలై తేలుతుంది. నీటిలోని కాల్షియం అంతా అలా తీరాకే మిగిలిన సబ్బుకు నురగ పట్టే అవకాశం. నురగ రాకపోతే మనిషి ఏం చేస్తాడు? ఇంకాస్త రుద్దుతాడు. అలా ముఖం మీద సబ్బు రెట్టింపవుతుంది, రాపిడీ రెట్టింపవుతుంది. ఆ తెల్ల తునకలు ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా పోవు. చర్మం మీద, కనుబొమ్మల్లో, చెవుల దగ్గర పలుచటి పొరగా ఉండిపోతాయి. బకెట్ అంచున కనిపించే బూడిదరంగు గీత ఉందే, అచ్చంగా అదే బుగ్గల మీదా ఉంటుంది. అద్దంలో కనిపించదంతే.

ఉప్పు నీళ్లతో కడిగితే ముఖం కిర్రుమనేదీ ఇందుకే. మంచి నీళ్లతో కడిగితే సబ్బు ఎంతకీ పోనట్టు జారుడుగా అనిపిస్తుంది. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చిన కొత్తలో "ఈ నీళ్లతో జిడ్డు పోతలేదు" అన్నవాళ్లుంటే, వాళ్లు చెప్పింది నిజానికి మంచి నీటి లక్షణం!

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2018లో ఈ విషయాన్ని కొలిచి చూశారు. కఠిన జలంతో కడిగినప్పుడు శుద్ధి పదార్థం చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతోందని, అలా మిగిలింది చర్మాన్ని రేపుతోందని తేలింది. పుట్టుకతోనే చర్మం పైపొర బలహీనంగా ఉన్నవాళ్లకు, ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. నీటిలోని కాల్షియాన్ని తీసేసి కడిగితే ఆ అవశేషం తగ్గింది. అయితే నీటిని మారిస్తే చర్మరోగం నయమైపోతుందని ఎగిరి గంతెయ్యకండి. అదే దేశంలో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో చేసిన మరో పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. సగం మంది పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టారు. మామూలు చికిత్సకు మించి అదనపు మేలేమీ కనిపించలేదు. నీరు రోగానికి మందు కాదు. మంచి చర్మం చెడకుండా ఉండడానికి మాత్రం నీటి పాత్ర పెద్దదే.

*పెట్టె: సీసా పరీక్ష*
ఒకే కొలత ఉన్న రెండు ఖాళీ నీళ్ల సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం వరకు బోరు నీళ్లు, రెండోదాంట్లో అంతే భగీరథ నల్లా నీళ్లో, వాన నీళ్లో పోయండి. గోరుతో గీసిన సబ్బు తురుము రెండింట్లో సమానంగా వేసి, మూత పెట్టి ఒకేలా ఊపండి. మెత్తటి నీళ్లున్న సీసాలో నురగ మెడ దాకా లేస్తుంది. కఠిన జలం ఉన్నదాంట్లో నాలుగు బుడగలు లేచి చస్తాయి, నీళ్లు మజ్జిగలా తెల్లబడతాయి, తునకలు తేలతాయి. మీ బోరు నీళ్లు ఈ కఠిన రకమైతే మీ సబ్బును తిట్టి లాభం లేదు.

కొన్ని బోరు నీళ్లను మరగబెట్టి, చల్లార్చి, పైన తేటను తీసుకుంటే మెత్తబడతాయి. గిన్నె అడుగున పేరుకునే తెల్లపొర ఆ కాల్షియమే. మరికొన్ని మరిగించినా మారవు. అవి వేరే రకం లవణాలు. ఇంకో మాట. ఇంట్లో ఆర్వో యంత్రం ఉన్నవాళ్లు దాన్నుంచి వచ్చే వృథా నీటిని బకెట్‌లో పట్టి స్నానానికి వాడుతుంటారు. నీటి పొదుపు మంచిదే. కానీ ఆర్వో తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోకే, అంటే మామూలు బోరు నీటి కంటే అది ఇంకా గట్టిది. గచ్చు కడగడానికి వాడండి, ముఖానికి వద్దు.

మన కుంకుడుకాయ ఇక్కడ గుర్తుకు రావాలి. దాని నురగకు కారణం సబ్బు కాదు, సపోనిన్లు. వాటికి కాల్షియంతో పేచీ లేదు, ఉప్పు నీళ్లలోనూ విరిగిపోవు. పైగా కుంకుడు రసం కాస్త ఆమ్లం వైపే ఉంటుంది. కళ్లలో పడితే ఏమవుతుందో మాత్రం చిన్నప్పుడు తలంటు పోయించుకున్న ఎవరికైనా చెప్పనక్కర్లేదు.

ఎవరి ముఖానికి, ఏ పనికి

సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడి వచ్చిన సిరిసిల్ల కార్మికుడి ముఖం మీద నూలు దుమ్ము, యంత్రం నూనె, చెమట ఉంటాయి. వట్టి నీళ్లతో అది పోదు. షిఫ్టు దిగాక ఒకసారి మామూలు సబ్బుతో కడగడం అతనికి తప్పే కాదు, అవసరం. కోరుట్లలో బీడీలు చుట్టే అక్కల సంగతి వేరు. తంబాకు పొడి ముందు చేతులకుంటుంది. ఆ చేతులతో ముఖం తుడుచుకుంటేనే మంట. వాళ్లు సబ్బు ఖర్చు పెట్టాల్సింది ముందు చేతుల మీద. ముఖం ఆ తర్వాత.

యాభై దాటినవాళ్లకు, ఎప్పుడూ పొడిబారే చర్మం ఉన్నవాళ్లకు, ఎగ్జిమా ఉన్న పిల్లలకు, మొటిమల మందు రాసుకుంటున్నవాళ్లకు క్షారపు బిళ్ల ముఖానికి వద్దు. డిసెంబరు, జనవరిలో జగిత్యాల చలికి మామూలు ముఖాలే తెల్లగా పగులుతాయి. ఆ రెండు నెలలు ఉదయం పూట వట్టి నీళ్లు చాలు.

దుబాయి నుంచి వచ్చినవాళ్లు పెట్టె విప్పినప్పుడు బయటపడే సబ్బుల గురించీ ఒక మాట. వాటి మీద మోజు మన దగ్గర ఎక్కువే. సువాసన ఎంత ఘాటుగా ఉంటే కొందరి చర్మానికి అంత దురద. విదేశీ అట్ట చర్మానికి తెలియదు. క్రిములను చంపుతామని చెప్పే సబ్బుల కోసమూ అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. అవి మామూలు సబ్బు కంటే మెరుగని కంపెనీలు నిరూపించలేకపోవడంతో, 2016లో అమెరికా ప్రభుత్వం ట్రైక్లోసాన్‌తో కలిపి 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో వాడకుండా నిషేధించింది.

*పెట్టె: అట్ట మీద చూడాల్సింది*
టీఎఫ్‌ఎం అనే అంకె బిళ్లలో కొవ్వు పదార్థం ఎంతో చెబుతుంది. టాయిలెట్ సోప్ అయితే 76 శాతం, అంతకు మించి ఉన్నది గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. బేతింగ్ బార్ అని రాసినవాటిలో 40 ఉన్నా చాలు. ఎక్కువ అంకె అంటే పూరకాలు తక్కువ, బిళ్ల త్వరగా నానిపోదు. అంతవరకే. గ్రేడ్ 1 సబ్బు కూడా పసుపును ఎర్రబరుస్తుంది. సిండెట్ బిళ్లకు ఈ అంకెతో పనిలేదు.

వాడి చూడాలనుకుంటే

కొత్త సబ్బును ముందు రెండు మూడు రోజులు దవడ కింద, చెవి పక్కన వాడి చూడండి. దురద, మంట లేకపోతే ముఖానికి రండి. బిళ్లను నేరుగా ముఖానికి రాయొద్దు. తడి చేతుల్లో నురగ చేసుకుని ఆ నురగను అరనిమిషం లోపే రాసి కడిగేయండి. బోరు నీళ్లే దిక్కయితే చివర్లో ఒక్క చెంబు నల్లా నీళ్లో, క్యాన్ నీళ్లో పోసుకోండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. చెమ్మ ఆరకముందే గ్లిజరినో, వ్యాసలీనో పలుచగా రాయండి. మొటిమలున్నవాళ్లు కొబ్బరినూనె మాత్రం ముఖానికి వద్దు.

ఇంటిల్లిపాదికీ ఒకే బిళ్ల అయితే క్రిములు అంటుకుంటాయని భయపడనక్కర్లేదు. 1988లో అమెరికాలో సబ్బు బిళ్లలకు కావాలనే బ్యాక్టీరియా పూసి, వాటితో చేతులు కడిగించి చూశారు. చేతులకు అంటలేదు. పరీక్ష చేసింది సబ్బు కంపెనీ వాళ్లే అన్నది మనసులో పెట్టుకోండి. బిళ్లను నీళ్లలో నానబెట్టకుండా జాలీ డబ్బాలో ఆరబెట్టుకుంటే సరి.

చివరగా, సబ్బు కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైనది ఒకటి మందుల షాపుల్లో దొరుకుతోంది. ముఖం తెల్లబడుతుందని రాసుకునే స్టెరాయిడ్ క్రీములు. డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టినా చేతులు మారుతూనే ఉన్నాయి. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండ తగిలినా మండుతుంది. అప్పుడు నింద సబ్బు మీద పడుతుంది. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. ముఖం మీద ఎరుపు, దురద రెండు వారాలకు తగ్గకపోతే కొత్త సబ్బు కొనకుండా అక్కడి ఆసుపత్రిలో చర్మవైద్యులను కలవండి. వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న సబ్బు అట్ట, క్రీము ట్యూబు రెండూ వెంట తీసుకుపోండి.